పెట్రోలు లీకేజీపై సమగ్ర విచారణ

వరసగా రెండేళ్ళు ప్రశ్నపత్రాలు పరీక్షకు ముందే బజార్లో దొరికిన తర్వాత ప్రాథమికోత్తర ప్రవేశ పరీక్షల మండలి ఒక నిర్ణయానికి వచ్చింది. ఇకమీదట లీకేజీ అన్నది జరగకూడదు. సమావేశంలో అందరూ బల్లలు చరిచి ఆ నిర్ణయాన్ని ఆమోదించారు. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్ళూ తట్టనందుకు కార్యదర్శిగారు కొంత విచారం కూడా వ్యక్తం చేశారు.

నిర్ణయాన్ని అమలు చేయడానికి లీకేజీల నివారణ విభాగం ఏర్పడింది. దానికి అధిపతిగా పోలీసు శాఖలో పదవీ విరమణ చేసిన త్రివిక్రమరావుగారు వచ్చారు. నిబంధనలు రాసే పని డిప్యూటీ కార్యదర్శి మండవ విశాలాక్షికి అప్పగించారు. మండలిలో ఉత్తర్వులు రాయడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. ఆవిడ రాసిన వాక్యంలోకి ఒకసారి వెళ్ళిన మనిషి బయటికి వచ్చే దారి దొరక్క అక్కడే తిరుగుతుంటాడని గుమస్తాలు భయభక్తులతో చెప్పుకునేవారు.

అంతకుముందు దొరికిన ముద్దాయిలందరూ కోర్టులో తప్పించుకున్నారు. ఫోనులో వెళ్ళింది ఫొటో తప్ప పత్రం కాదని ఒకడు వాదించాడు. తాను ప్రశ్నలు నోటితో చెప్పాను తప్ప కాగితం ఇవ్వలేదని ఇంకొకడు వాదించాడు. అందుకని విశాలాక్షి ఈసారి ఎవరికీ సందు వదలకూడదనుకుంది. వారం రోజులు కూర్చుని, కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి ఇలా తేల్చింది: "లీకేజీ అనగా మండలికి చెందిన ఏ వస్తువైనా, ఏ రూపంలోనైనా, ఉండవలసిన చోటి నుంచి ఉండకూడని చోటికి చేరుట." ఇదివరలో కొందరు ప్రిన్సిపాళ్ళు లీకేజీ సంగతి తెలిసి కూడా తమ కాలేజీ పరువు పోతుందని లోపల్లోపలే సర్దేసిన అనుభవం ఉంది కాబట్టి ఇంకో నిబంధన చేర్చింది. లీకేజీని మొట్టమొదట చూసినవారు వెంటనే విభాగానికి తెలపాలి. విభాగం అనుమతి లేనిదే దానిని ఎవరూ తాకరాదు, ఆపరాదు, సరిచేయరాదు.

ఈ ఉత్తర్వును కాంటీను వంటవాడితో సహా అందరిచేతా పైకి చదివించి సంతకాలు తీసుకున్నారు. విశాలాక్షి ఆఫీసు కారు నడిపే దావీదు కూడా సంతకం పెట్టాడు. దావీదుకు గుర్తు పెట్టుకునే శక్తి బాగా ఉంది. ఒకసారి చదివిన ఉత్తర్వు అతనికి అక్షరం పొల్లుపోకుండా నోటికి వచ్చేసింది.

ఆ కారు పాతది. ఎండాకాలం మొదట్లో అది నడుస్తూ నడుస్తూ దగ్గడం, ఎత్తు ఎక్కేచోట నిలబడిపోవడం మొదలుపెట్టింది. ఇంజనుకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పూడుకుపోయాయని బాజీ మెకానిక్కు చెప్పాడు. కంపెనీ సామాను రావడానికి పరీక్షల కాలం దాటిపోతుంది. అందుకని స్టోర్సు విభాగంవారు కొటేషన్లు పిలిచి, అందరికంటే తక్కువ చెప్పినవాడి దగ్గర బయటి ఇంజెక్టర్లు ఒక సెట్టు కొన్నారు. డబ్బా మీద తయారుచేసినవాళ్ళ పేరు లేదు. "అసలుదానిలాగే పనిచేయును" అని మాత్రం ఉంది. ఇంజెక్టరు గొట్టంలో కూర్చునేచోట పెట్రోలు బయటికి రాకుండా వేసే రబ్బరు రింగులు ఆ డబ్బాలో లేవు. బాజీ పాత రింగులే తుడిచి వేసేశాడు. కారు కొన్నాళ్ళు చక్కగా తిరిగింది. వినుకొండ రోడ్డులోని పరీక్షా కేంద్రాలన్నీ విశాలాక్షి దాంట్లోనే చూసివచ్చింది.

ఒకనాటి ఉదయం ఆవిడ పోర్టికోలోకి వచ్చేసరికి దావీదు బానెట్ ఎత్తి లోపలికి ముక్కు పెట్టి నిలబడి ఉన్నాడు. ఒక ఇంజెక్టరు మొదట్లో పెట్రోలు చెమటలాగా పట్టి, బొట్టుబొట్టుగా ఇంజను మీదికి జారుతోంది. రెండు రోజుల నుంచి వాసన వస్తోందనీ, ఇప్పుడు కంటికి కనపడిందనీ అతను చెప్పాడు. దానికేముంది, బాజీ షెడ్డుకు తీసుకెళ్ళి బాగుచేయించుకుని రమ్మంది విశాలాక్షి. దావీదు కదల్లేదు.

"తీసుకెళ్ళొచ్చా మేడంగారూ?" అన్నాడు. "మండలికి చెందిన ఏ వస్తువైనా, ఏ రూపంలోనైనా అని ఉందిగదండీ. నేను సంతకం కూడా పెట్టుంటిని."

విశాలాక్షికి ముందు చిరాకు వేసింది. ఆ తర్వాత, ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదుగానీ, కాస్త గర్వం కలిగింది. పెట్రోలు మండలిదే. ఉండవలసింది ట్యాంకులో, గొట్టంలో. చేరింది పోర్టికో గచ్చు మీదికి. తను రాసిన వాక్యం కాగితాలకే కాక ద్రవపదార్థాలకు కూడా చక్కగా సరిపోయింది. విభాగానికి ఒక ముక్క రాసి పడేస్తే వాళ్ళు చూసి, పెట్రోలే కదా అని నవ్వి, వెంటనే అనుమతి ఇస్తారనుకుంది. వాహనంలో లీకేజీ గమనించబడినదని రాసి పంపించింది.

త్రివిక్రమరావుగారి విభాగం ఏర్పడిన నాటి నుంచి దానికి ఒక్క లీకేజీ కూడా రాలేదు. సిబ్బంది కుర్చీలు, బీరువాలు, వేలిముద్రల సామాను అన్నీ సిద్ధంగా పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. విశాలాక్షి కబురు అందిన కాసేపటికే అందరూ ఒకేసారి దిగారు. ఆయన పోర్టికో చుట్టూ తాడు కట్టించాడు. కారు నాలుగు తలుపులకూ, బానెట్‌కూ లక్క పోయించి సీళ్ళు వేయించాడు. ఇది పెట్రోలండీ అని విశాలాక్షి నెమ్మదిగా చెప్పబోయింది. లీకేజీ పట్ల తన విభాగానికి తరతమ భేదాలు లేవని ఆయన బదులిచ్చాడు.

విచారణకు వాళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రతి లీకేజీకీ ఒక మూలం, ఒక మధ్యవర్తి, ఒక లబ్ధిదారు ఉండి తీరాలి. మూలం ట్యాంకు అని తొందరగానే తేలింది. మధ్యవర్తి ఇంజెక్టరు. లబ్ధిదారు దగ్గరే చిక్కు వచ్చింది. కారిన పెట్రోలు ఎవరికి చేరింది? గచ్చు పగుల్లోంచి పక్కనున్న గన్నేరు చెట్టు మొదట్లోకి పోయిందని ఒక ఇన్‌స్పెక్టరు కనిపెట్టాడు. చెట్టు అప్పటికే సగం ఎండిపోయి ఉంది. లబ్ధి పొందిన లక్షణాలు చెట్టులో కనపడకపోయినా, అది నటిస్తూ ఉండవచ్చని భావించి దానికి కూడా తాడు కట్టారు.

ఆ మధ్యాహ్నం దావీదును కూర్చోబెట్టి ప్రశ్నించారు. పెట్రోలు బయటికి వస్తున్న సంగతి అతని కంటే ముందు ఎవరెవరికి తెలుసని త్రివిక్రమరావుగారు అడిగాడు.

"ముక్కున్నోళ్ళందరికీ తెలుసండి," అన్నాడు దావీదు.

ఈ జవాబు విచారణను పూర్తిగా మార్చేసింది. సమాచారం ముందుగానే పలువురికి చేరిందనీ, దీని వెనుక పెద్ద ముఠా ఉందనీ త్రివిక్రమరావుగారు ఆ సాయంత్రమే కార్యదర్శిగారికి నివేదించాడు.

సీలు వేసిన కారులోంచి పెట్రోలు కారడం ఆగిపోయింది. తాళం తిప్పితేనే పంపు పనిచేసి గొట్టంలోకి ఒత్తిడి వస్తుంది. తిప్పనప్పుడు కారడానికి ఏమీ ఉండదు. కానీ విభాగం ఈ మార్పును తన ఘనతగానే లెక్క వేసుకుంది. తాము రంగప్రవేశం చేసిన మరుక్షణం లీకేజీ వెనకడుగు వేసిందని పత్రికలకు ప్రకటన ఇచ్చారు. కార్యదర్శిగారు అభినందన సభ పెట్టి, సీలు విప్పి ఆ విజయాన్ని అందరికీ చూపించమన్నారు. సభలో దావీదు తాళం తిప్పాడు. బొట్లు మళ్ళీ మొదలయ్యాయి.

అందరూ వంగి చూశారు. తర్వాత త్రివిక్రమరావుగారు తల పంకించాడు. దావీదు ముట్టుకున్నప్పుడే లీకేజీ జరుగుతోందన్న విషయం ఇంతమంది సమక్షంలో రుజువైందన్నాడు. మీరు తిప్పి చూడండి, అప్పుడూ కారుతుందని విశాలాక్షి అంది. ఆయన తిప్పాడు, కారింది. దాన్ని విచారణలో భాగంగా జరిగిన ప్రదర్శనగా నమోదు చేయించి, దావీదు మీద మాత్రం నిఘా పెట్టించాడు. పాపం దావీదు ఆ రోజు నుంచి టీ తాగడానికి వెళ్ళినా ఇద్దరు మనుషులు పక్క బల్ల మీద కూర్చుని వాళ్ళూ టీ తాగేవారు. మొదట్లో అతను బెదిరిపోయాడు. రాత్రి అన్నం సయించడం లేదని విశాలాక్షితో చెప్పుకున్నాడు. నేను చూసుకుంటానని ఆవిడ అంది. ఎలా చూసుకోవాలో ఆవిడకు తెలియదు.

ఆ వారంలోనే ఒక కాలేజీ లెక్చరరు విభాగానికి ఫోను చేశాడు. తమ వీధిలోని జిరాక్సు దుకాణం ముందు పిల్లలు తోసుకుంటున్నారనీ, రాబోయే లెక్కల పేపరు అంటూ ఏదో అమ్ముతున్నారనీ చెప్పాడు. సిబ్బంది అంతా పెట్రోలు విధుల్లో ఉన్నారనీ, లీకేజీలను వచ్చిన వరస ప్రకారం చేపడతామనీ అతనికి మర్యాదగా జవాబు చెప్పారు.

ఇంతలో మండలి అత్యవసర సమావేశం జరిగింది. లీకేజీ జరిగితే ఏం చేయాలన్నది మండలిలో ఎప్పటి నుంచో స్థిరపడిన సంగతే. జరిగిన పరీక్షను రద్దు చేసి, కొత్త పత్రంతో మళ్ళీ నిర్వహించాలి. ఆ ప్రకారమే లీకైన పెట్రోలుతో విశాలాక్షి చేసిన ప్రయాణాలన్నింటినీ రద్దు చేశారు. ఆవిడ చూసివచ్చిన కేంద్రాలు చూడనట్టే లెక్క. వాటిని మళ్ళీ చూడాలి. మొదట ఏ కారులో, ఏ డ్రైవరుతో, ఏ దారిలో వెళ్ళిందో ఇప్పుడూ అలాగే వెళ్ళాలి, లేకపోతే మళ్ళీ నిర్వహించినట్టు కాదు. పెట్రోలు మాత్రం కొత్తది పోయాలి. అది కూడా నాలుగు వేరువేరు బంకుల నుంచి నాలుగు సెట్లుగా తెప్పించి, సీలు వేసిన డబ్బాల్లో పోలీసు స్టేషనులో భద్రపరచి, బయలుదేరే ముందు ఇద్దరు సాక్షుల ఎదుట చీటీ తీసి, ఏ సెట్టు వస్తే అది పోయాలి. విచారణ పూర్తికాలేదు కాబట్టి ఇంజెక్టరును ఎవరూ తాకకూడదు.

విశాలాక్షి లేచి నిలబడింది. ఇంజను వేడి మీద పెట్రోలు పడుతోందనీ, ఆ కారులో అంత దూరం వెళ్తే దారిలోనే అంటుకుంటుందనీ చెప్పింది.

కార్యదర్శిగారు ఓపిగ్గా విన్నారు. "చూడండి విశాలాక్షిగారూ, ప్రమాదం వేరు, లీకేజీ వేరు," అన్నారు. "లీకేజీ మన పరిధిలోకి వచ్చే అంశం. ప్రమాదం మన పరిధిలో లేదు. మన పరిధిలో లేనిదాని గురించి మనం ఆందోళన చెందడం సమంజసం కాదు."

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళి తన ఉత్తర్వును ముందు పెట్టుకుని కూర్చుంది. ఎక్కడైనా ఒక సందు దొరక్కపోతుందా అని చూసింది. వేరేవాళ్ళు రాసిన ఉత్తర్వుల్లో కన్నాలు వెతకడం ఆవిడకు చిటికెలో పని. తను రాసినదాంట్లో ఏమీ దొరకలేదు. ఇన్నేళ్ళుగా తన వాక్యాల్లో చిక్కుకుని, తన బల్ల ముందు నిలబడి, ఏం చెప్పాలో తెలియక చేతులు నలుపుకున్న మనుషులు ఆవిడకు ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. వాళ్ళ ముఖాలను తను ఎప్పుడూ సరిగా చూడలేదని కూడా తోచింది.

ప్రయాణం రోజున సాక్షులు చీటీ తీశారు. మూడో సెట్టు వచ్చింది. కార్యదర్శిగారు జెండా ఊపారు. ముందు పోలీసు జీపు, వెనక కారు బయలుదేరాయి. దావీదు అద్దాలన్నీ దించేశాడు. వెనక డిక్కీలో తడి గోనెసంచులు, ఇసుక బకెట్టు పెట్టుకున్నాడు. ఊరు దాటేసరికి వాసన తలకెక్కింది. విశాలాక్షి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒక చెయ్యి తలుపు పిడి మీదే ఉంచుకుని కూర్చుంది.

రైల్వే గేటు దగ్గర జీపు ముందుకు వెళ్ళిపోయింది, కారు ఇవతల ఉండగానే గేటు పడింది. దావీదు ఇంజను ఆపేశాడు. ఇద్దరూ కాసేపు గూడ్సు బండి కోసం ఎదురుచూశారు.

"పొద్దున మా ఇంట్లోది ఈ కారు ఎక్కొద్దని గోల చేసిందండి," అన్నాడు దావీదు, అద్దంలోకి చూడకుండా. "మా మేడంగారు కూడా ఎక్కుతున్నారంటే ఊరుకుంది. అంత పెద్ద ఆఫీసరు ఎక్కుతుందంటే ఏం కాదులే, చూసుకునే ఉంటారు అంది."

గూడ్సు బండి వచ్చి పోయింది. గేటు లేచింది. దావీదు తాళం తిప్పబోతుంటే విశాలాక్షి బాజీ షెడ్డు ఎటు అని అడిగింది. వెనక్కి, మార్కెట్ యార్డు పక్కన అని అతను చెప్పాడు. కారు వెనక్కి తిప్పమంది. విభాగం అనుమతి, అని దావీదు మొదలుపెట్టాడు. తిప్పమన్నానుగా అని ఆవిడ అంది. అతను తిప్పాడు.

బాజీ వాళ్ళను చూస్తూనే తన పనిలో వంక లేదనీ, ఆ ఇంజెక్టర్లే నాసిరకమనీ అందుకున్నాడు. కొలత సరిగా లేని సామాను కొనేది ఆఫీసువాళ్ళు, మాటలు పడేది తాను అని కాసేపు వాపోయాడు. పైన కొంచెం పేస్టు పూస్తే సరిపోతుందని గొట్టం తీయబోయాడు. పూసిన పేస్టు పెట్రోలుకు రెండు రోజుల్లో కరిగిపోతుందని దావీదు అడ్డం పడ్డాడు. ఇద్దరూ వాదించుకున్నారు. చివరికి రింగులు పాతవే వేసిన మాట బాజీ ఒప్పుకున్నాడు, అదీ డబ్బాలో కొత్తవి ఇవ్వనందువల్లే అని చేర్చి.

ఇంజను చల్లారేదాకా ఆగారు. తర్వాత బాజీ గొట్టంలో మిగిలిన ఒత్తిడిని గుడ్డ అడ్డం పెట్టి వదిలేశాడు. బోల్టులు విప్పి గొట్టాన్ని పైకి లేపి ఇంజెక్టర్లు బయటికి లాగాడు. పాత రింగు ఒకటి అరచేతిలో పెట్టి విశాలాక్షికి చూపించాడు. నల్లగా, గట్టిపడి, ఒకవైపు చీలి ఉంది. మండలిని ఇన్నాళ్ళు కుదిపేసిన ముఠా ఇదేనా అని ఆవిడ దాన్ని వంగి చూసింది. బాజీ పెట్రోలుకు తట్టుకునే కొత్త రింగులు, ఈసారి కొలత చూసి మరీ, ఎంచాడు. ఒక్కొక్కదానికి కాస్త నూనె రాసి, వంకర పోకుండా నిలువుగా నొక్కి కూర్చోబెట్టాడు. బోల్టులు బిగించి దావీదును తాళం తిప్పమన్నాడు. పంపు కూత పెట్టింది. బాజీ పొడిగుడ్డతో మొదళ్ళన్నీ తుడిచాడు. గుడ్డ పొడిగానే ఉంది. ఇంజను స్టార్టు చేసి మళ్ళీ తుడిచాడు. పొడిగానే ఉంది.

విశాలాక్షి తనే చెయ్యి పెట్టి తడిమి, వేలు వాసన చూసింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఎన్నో పాడైన వస్తువుల మీద ఆవిడ ఉత్తర్వులు రాసింది. పాడైన వస్తువు బాగవుతుంటే పక్కన నిలబడి చూడడం ఇదే మొదలు. బాజీ టీ తెప్పిస్తే, అక్కడే పాత టైరు మీద కూర్చుని తాగింది.

సాయంత్రం కారు ఆఫీసుకు చేరగానే విభాగంవారు బానెట్ ఎత్తి చూసి నిర్ఘాంతపోయారు. లీకేజీ లేదు. తాళం తిప్పారు, ఇంజను నడిపారు, కారును ముందుకీ వెనక్కీ కదిలించారు. ఒక్క బొట్టు పడలేదు. త్రివిక్రమరావుగారి ముఖం పాలిపోయింది. వచ్చే సోమవారం రాజధాని నుంచి ఉన్నతస్థాయి బృందం ఈ లీకేజీని స్వయంగా పరిశీలించడానికి వస్తోంది. రాష్ట్రం మొత్తం మీద సకాలంలో పట్టుబడిన లీకేజీ అదొక్కటే. ఇంత భద్రత మధ్య ఉన్న లీకేజీ ఉండవలసిన చోటి నుంచి మాయమైంది కాబట్టి, నిర్వచనం ప్రకారం ఇది లీకేజీకి జరిగిన లీకేజీ అని ఆయన రెండో కేసు నమోదు చేశాడు.

మర్నాడు విచారణ పెట్టారు. దావీదును ముందు పిలిచారు. అతను నోరు విప్పేలోపే విశాలాక్షి లేచింది.

"నేనే బాగుచేయించాను," అంది. "దావీదు వద్దన్నాడు. నేను తిప్పమన్నాను."

రాసుకుంటున్న గుమస్తా కలం ఆపి త్రివిక్రమరావుగారి వైపు చూశాడు. లీకేజీ చేసినవారికి, దాచినవారికి, లాభపడినవారికి వేరువేరు శీర్షికలు ఉన్నాయి. బాగుచేసినవారికి లేదు. చాలాసేపు సంప్రదించుకుని, విశాలాక్షిని సాక్ష్యాధారాల విధ్వంసం కింద సస్పెండు చేశారు. దావీదును స్టోర్సుకు మార్చారు. సోమవారం లోపు లీకేజీని యథాస్థితికి పునరుద్ధరించాలని ఇంకో ఉత్తర్వు వెలువడింది.

దాంతో బాజీకి కబురు వెళ్ళింది. చెడినదాన్ని బాగుచేయడం తనకు వచ్చుగానీ, బాగున్నదాన్ని కొలత ప్రకారం చెడగొట్టడం రాదని అతను చెప్పి పంపాడు. విభాగంలోనే స్పానరు పట్టుకోవడం వచ్చిన ఒక కానిస్టేబులు ముందుకొచ్చి, బోల్టులు వదులు చేసి, రింగులు తీసిపారేసి, ఇంజెక్టర్లు తిరిగి గుచ్చాడు. ఈసారి తాళం తిప్పితే బొట్లు పడలేదు, ధార కట్టింది. మునుపటి కంటే మెరుగైన ఫలితం వచ్చిందని త్రివిక్రమరావుగారు అతనికి నగదు బహుమతి సిఫారసు చేశాడు.

సోమవారం విశాలాక్షి తన బీరువా తాళాలు అప్పగించడానికి ఆఫీసుకు వచ్చింది. పోర్టికో నిండా షామియానా వేశారు. కారుకు పూలదండ వేశారు. బానెట్ ఎత్తి ఉంది. దావీదు లేడు కాబట్టి ఆ కానిస్టేబులే లోపల కూర్చుని, అతిథులకు చూపించాలని, పొద్దుటి నుంచి తాళం తిప్పి వదులుతూ సాధన చేస్తున్నాడు. కారు కింద గచ్చు తడితడిగా మెరుస్తోంది. ఉన్నతస్థాయి బృందం సభ్యులు ముందు వరస కుర్చీల్లో ఉన్నారు. వాళ్ళకు ఎదురుగా, కారుకు నాలుగడుగుల దూరంలో, నిలువెత్తు ఇత్తడి దీపస్తంభం పెట్టి ఉంది.

ఏ కార్యక్రమమైనా జ్యోతి ప్రజ్వలనతో మొదలుపెట్టడం మండలి ఆనవాయితీ. అప్పుడే ముఖ్య అతిథి చేతికి కొవ్వొత్తి ఇచ్చారు.

విశాలాక్షి గబగబా త్రివిక్రమరావుగారి దగ్గరికి వెళ్ళి దీపం వెలిగించవద్దని చెప్పింది. సస్పెన్షనులో ఉన్న అధికారికి ప్రోటోకాల్ విషయాల్లో సలహా ఇచ్చే అర్హత లేదని ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. ఆవిడ కార్యదర్శిగారి వైపు తిరిగింది. ఆయన వేదిక మీది నుంచి చిరునవ్వుతో నమస్కారం పెట్టి, ముఖం అటు తిప్పుకున్నారు. ముఖ్య అతిథి కొవ్వొత్తిని మొదటి వత్తికి ఆనించాడు. పెట్రోలు అని అరిస్తే ఎవరూ కదలరని ఆవిడకు తెలుసు. ఆ మాట వాళ్ళు నెల రోజులుగా వింటున్నారు. ఆవిడ వ్యాఖ్యాత చేతిలోని మైకు తీసుకుంది.

"అతిథులకు టిఫిన్లు వెనక హాల్లో వడ్డించారు," అంది. "వేడిగా ఉన్నాయి. పెసరట్టు, ఉప్మా. దయచేసి అందరూ వెంటనే రావలసిందిగా మనవి."

షామియానా క్షణాల్లో ఖాళీ అయింది. ముఖ్య అతిథి మిగిలిన వత్తులు వదిలేసి కొవ్వొత్తి స్తంభం మీదే నిలబెట్టి వెళ్ళాడు. కానిస్టేబులు కూడా తాళం అలాగే వదిలేసి దిగి పరిగెత్తాడు. అందరికంటే వెనక విశాలాక్షి త్రివిక్రమరావుగారి చెయ్యి పట్టుకుని లాక్కుపోతుండగా గాలికి కొవ్వొత్తి ఒరిగింది. వెనక నుంచి బుస్సుమన్న చప్పుడు, ఆ తర్వాత వేడి వచ్చి వీపుకు తగిలాయి.

స్టోర్సులోంచి దావీదు ఇసుక బకెట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి కారు మొత్తం అంటుకుంది. షామియానా పోయింది, గన్నేరు చెట్టు పోయింది. మనుషుల్లో ఎవరికీ గోరంత గాయం కూడా కాలేదు. టిఫిన్లు మాత్రం నిజంగా లేవు. హాల్లో ఖాళీ బల్లల ముందు నిలబడ్డ ఉన్నతస్థాయి బృందం ఈ లోపాన్ని తమ నివేదికలో తీవ్రంగా పేర్కొంది.

అదే నివేదికలో లీకేజీ శాశ్వతంగా నివారించబడినట్టు నమోదైంది. కారు లేదు కాబట్టి లీకేజీ లేదు. లీకేజీ లేదు కాబట్టి దాన్ని బాగుచేసిన నేరమూ లేదు. విశాలాక్షి సస్పెన్షను ఎత్తేశారు. దావీదును వెనక్కి పిలిచి, కొత్త కారు వచ్చేదాకా సెలవులో ఉండమన్నారు. త్రివిక్రమరావుగారికి శాలువా కప్పారు. లెక్కల పరీక్ష యథావిధిగా జరిగి, చాలామందికి నూటికి నూరు మార్కులు వచ్చాయి.

కొద్దిరోజుల తర్వాత కార్యదర్శిగారు విశాలాక్షిని పిలిచారు. పోర్టికో సంఘటన దృష్ట్యా అగ్ని నివారణ విభాగం ఏర్పాటు చేస్తున్నామనీ, దానికి ఆవిడే నిబంధనలు రాయాలనీ చెప్పారు. నిప్పు ఏ రూపంలో ఉన్నా, ఎక్కడ ఉన్నా, ఎవరికీ సందు లేకుండా నిర్వచించాలన్నారు. కాంటీను పొయ్యిని కూడా వదలవద్దన్నారు.

విశాలాక్షి తన గదికి వెళ్ళి కాగితం తీసుకుంది. పెద్దగా ఆలోచించకుండానే రాసి, సంతకం పెట్టి, అటెండరు చేత పంపించింది. కాగితం మీద ఒకటే వాక్యం ఉంది: "ఏదైనా పాడైతే వెంటనే బాగుచేయించండి."

కార్యదర్శిగారు కాగితం తిరగేసి వెనక వైపు చూశారు. మిగిలిన పేజీల కోసం అటెండరును మళ్ళీ పంపారు. అవి లేవని తెలిశాక, నిర్వచనాలు లేవు, పరిధి లేదు, శిక్షలు లేవు, కావున అసంపూర్ణం అని ఎర్రసిరాతో రాసి ఫైలు తిప్పి పంపారు.

విశాలాక్షి ఆ ఎర్రసిరా కింద తన సంతకం ఇంకోసారి పెట్టి, ఒక్క అక్షరం మార్చకుండా ఫైలును తిరిగి పైకి పంపించింది.